సోనిక్ చేతికి కత్తి: ‘సోనిక్ అండ్ ద బ్లాక్ నైట్’ ఎక్కడ చెడింది, ఇప్పుడు ఎలా ఆడాలి

బ్రిటన్ పాత గాథల్లోని ఆర్థర్ రాజు కథల మీద వచ్చిన గేముల్లో నాసిరకానివి చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. మెరుపువేగంతో పరుగెత్తే ముళ్లపంది సోనిక్ హీరోగా, 2009 మార్చిలో నింటెండో వీ అనే గేమ్ యంత్రం కోసం సెగా కంపెనీ విడుదల చేసిన ‘సోనిక్ అండ్ ద బ్లాక్ నైట్’ మాత్రం అలాంటిది కాదు. దీనికి మంచి కథ ఉంది. ఇప్పటికీ వినాలనిపించే పాటలున్నాయి. పొగమంచు కమ్మిన సరస్సులు, కోట గోడలు, లావా పారే గనులు చూస్తే, వీ లాంటి తక్కువ శక్తి ఉన్న యంత్రం మీద ఇంత పని ఎలా చేయించారా అనిపిస్తుంది. ఇన్ని ఉన్నా గేమ్ నిలబడలేదు. కత్తి ఝుళిపించడం, పరుగెత్తడం అనే రెండు పనులను కలపడం ఎలాగో గేమ్ చివరిదాకా తేల్చుకోలేకపోయింది. నిరాశంతా అక్కడే ఉంది.

చాలామంది తప్పంతా వీ రిమోట్ మీదకి, అంటే చేత్తో ఊపి ఆడే ఆ యంత్రపు కంట్రోలర్ మీదకి నెట్టేస్తారు. అది సగం నిజమే. ఆ సగం ముందు చూద్దాం, ఎందుకంటే దాని వెనక లెక్క స్పష్టంగా ఉంది.

సోనిక్ టీమ్ తయారుచేసిన ఈ గేమ్ ‘స్టోరీబుక్’ సిరీస్‌లో రెండోది. మొదటిది 2007లో వచ్చిన ‘సోనిక్ అండ్ ద సీక్రెట్ రింగ్స్’. దాని నేపథ్యం అరేబియన్ నైట్స్. అందులో రిమోట్‌ను అడ్డంగా రెండు చేతులతో పట్టుకోవాలి. సోనిక్ తనంతట తానే ముందుకు పరుగెడుతుంటాడు, రిమోట్‌ను పక్కకి వంచితే తిరుగుతాడు. ఆపడం, వెనక్కి రావడం అందులో ఇబ్బందే. రెండో గేమ్‌కి వచ్చేసరికి దీన్ని సరిదిద్దారు. రిమోట్‌కి తీగతో తగిలించి ఎడమచేత్తో పట్టుకునే నన్‌చక్ అనే భాగం మీది కర్ర ముందుకు తోస్తే పరుగు, వదిలేస్తే ఆగడం. దారి ఇప్పటికీ ముందే గీసి ఉన్నదే, సోనిక్ దాన్ని దాటి బయటికి పోలేడు. కానీ వేగం మన చేతిలోకి వచ్చింది. ఇది నిజమైన మెరుగే, దీన్ని ఒప్పుకుని తీరాలి.

మిగతా బటన్లు ఇలా ఉంటాయి. ‘ఏ’ నొక్కితే గెంతు. నన్‌చక్ మీది ‘జెడ్’ నొక్కి ఉంచితే కత్తి అడ్డుపెట్టి దెబ్బ కాచుకోవడం. ‘బీ’ నొక్కితే సోల్ సర్జ్ అనే మెరుపుదాడి. కత్తి దూయాలంటే మాత్రం బటన్ లేదు, రిమోట్‌ను విదిలించాల్సిందే. వీకి తగిలించగలిగే మామూలు బటన్ల కంట్రోలర్లైన క్లాసిక్ కంట్రోలర్‌తో గానీ గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌తో గానీ ఈ గేమ్ ఆడే వీలు ఇవ్వలేదు. గేమ్ మొత్తంలో మనం ఎక్కువసార్లు చేసే పని కత్తి ఊపడం. ఆ పని కోసమే బటన్ లేకుండా చేశారు.

రిమోట్‌కి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

వీ రిమోట్‌లో ఉన్నది అనలాగ్ డివైసెస్ కంపెనీ తయారీ ఏడీఎక్స్‌ఎల్330 అనే యాక్సిలరోమీటర్. మూడు దిశల్లో త్వరణాన్ని కొలుస్తుంది. దాని కొలత పరిధి సుమారు ప్లస్ లేదా మైనస్ 3 జి. ఒక జి అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. రిమోట్‌ను బల్ల మీద కదలకుండా పెట్టినా ఆ చిప్ 1 జి చూపిస్తూనే ఉంటుంది. వంచడం వల్ల అంకె మారిందా, కదపడం వల్ల మారిందా అనేది ఆ చిప్‌కి విడిగా తెలియదు. రెండూ ఒకే అంకెలో కలిసి వస్తాయి.

ఇప్పుడు నిజం కత్తి పట్టుకున్నట్టు భుజం నుంచి చేయి మొత్తం తిప్పి ఊపారనుకోండి. భుజం నుంచి రిమోట్ దాకా దూరం సుమారు 60 సెంటీమీటర్లు. చేయి సెకనుకు 10 రేడియన్ల వేగంతో తిరిగితే, వృత్తాకార చలనపు త్వరణం 10 వర్గం ఇంటూ 0.6, అంటే 60. దాన్ని 9.8తో భాగిస్తే 6 జి పైమాటే. చిప్ కొలవగలిగేది సుమారు 3 జి. అక్కడితో అంకె గోడకి తగిలి ఆగిపోతుంది. మీరు పైనుంచి కిందికి నరికారా, పక్కనుంచి కోశారా, ఎంత బలంగా ఊపారు అనేవి ఆ తెగిన అంకెల్లోంచి నమ్మకంగా బయటికి తీయడం కష్టం. అందుకే ఆ కాలపు గేములు చాలావరకు ఒకే సులువైన సూత్రం పట్టుకున్నాయి. అంకె ఒక హద్దు దాటితే ‘ఊపు’ అనుకో, లేకపోతే లేదు. బ్లాక్ నైట్ కూడా మన కత్తి కోణాన్ని పట్టించుకోదు. మీరు ఎలా ఊపినా సోనిక్ తన లెక్క ప్రకారం తన దెబ్బలు వేసుకుంటూ పోతాడు.

దీని వల్ల ఆటలో మూడు ఇబ్బందులు వస్తాయి. పెద్దగా ఊపితే చేయి వెనక్కి తెచ్చేటప్పుడు కూడా హద్దు దాటుతుంది. అలా మీరు అడగని రెండో దెబ్బ పడవచ్చు. సోనిక్ ఇంకా మొదటి దెబ్బ కదలికలో ఉండగానే మీరు మళ్లీ ఊపితే ఆ ఊపు వృథా అవుతుంది. చేయి అలసి నెమ్మదిగా ఊపితే హద్దు దాటక దెబ్బే పడదు. మూడింటిలో ఏది జరిగిందో తెర మీద ఎక్కడా తెలియదు. అందుకే ఆడేవాళ్లు కోపంతో ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా ఊపడం మొదలుపెడతారు. దాంతో మొదటి రెండు ఇబ్బందులూ పెరుగుతాయి.

మణికట్టు విదిలింపు దీనికి విరుగుడు. మణికట్టు నుంచి రిమోట్‌లోని చిప్ దాకా సుమారు 10 సెంటీమీటర్లు. సెకనుకు 15 రేడియన్ల వేగంతో విదిలించినా 15 వర్గం ఇంటూ 0.1, అంటే 22.5, సుమారు 2.3 జి. హద్దు దాటడానికి ఇది చాలు, గోడకి కొట్టుకునేంత కాదు. మోచేయి పక్కటెముకలకి ఆనించి, రిమోట్‌ను వదులుగా కాస్త పైకి చూసేలా పట్టుకుని, చీపురు చివరి నీళ్లు దులిపినట్టు ఒక్కసారి విదిలించి ఆపేయాలి. సోనిక్ కత్తి తిరిగి ఒంటి దగ్గరికి వచ్చేదాకా ఆగి మళ్లీ విదిలించాలి. గేమ్ పెట్టె మీద చూపించే వీరోచితమైన ఊపులు మరిచిపోండి. ఎలా విదిలించినా రిమోట్‌కి ఉన్న పట్టీని మణికట్టుకి బిగించుకోవడం మాత్రం మానొద్దు.

కాలం కూడా ఈ గేమ్‌ని దెబ్బకొట్టింది. రిమోట్ అడుగున తగిలించే మోషన్‌ప్లస్ అనే అదనపు భాగం 2009 జూన్‌లో వచ్చింది. గేమ్ వచ్చి అప్పటికి మూడు నెలలైంది. మోషన్‌ప్లస్‌లో గైరోస్కోపులుంటాయి. ఎంత వేగంగా ఏ అక్షం చుట్టూ తిరిగిందో నేరుగా కొలుస్తాయి, కాబట్టి కత్తి ఎటు వాలి ఉందో గేమ్‌కి తెలుస్తుంది. 2010లో వచ్చిన ‘రెడ్ స్టీల్ 2’కి ఆ భాగం తప్పనిసరి. 2011లో వచ్చిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: స్కైవార్డ్ స్వోర్డ్’ కూడా అంతే. ఆ రెండింటిలో శత్రువు కాచుకుంటున్న వైపు చూసి, ఖాళీగా ఉన్న వైపునుంచి నరకాలి. చేతి కదలికకి అర్థం వచ్చింది.

మూడు నెలలు ఆగి, మోషన్‌ప్లస్‌తో తెచ్చి ఉంటే ఈ గేమ్ బాగుపడేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. స్కైవార్డ్ స్వోర్డ్‌లో కథానాయకుడు లింక్ నిలబడి, శత్రువును చూసి, ఆలోచించి నరుకుతాడు. పరుగెత్తే సోనిక్‌కి ఆ తీరిక లేదు. శత్రువు తెర మీద కనపడటానికీ, దగ్గరికి చేరడానికీ మధ్య ఉండేది చాలా కొద్ది సమయం. అందులో కోణం చూసుకుని కోయమంటే ఇంకా చికాకే. ఈ గేమ్‌కి కావలసింది మెరుగైన సెన్సర్ కాదు, ఒక మామూలు బటన్.

వేగానికి కళ్లెం

ఇక రెండో సగం. ఇది రిమోట్ తప్పు కాదు, రూపకల్పన తప్పు.

సోనిక్ గేములన్నిటికీ ఒక ప్రాణసూత్రం ఉంది. దారిని గుర్తుపెట్టుకుని, అడ్డంకులను దాటుతూ, ఆగకుండా పోవడంలోనే ఆనందం. వేగం అందులో బహుమతి. బాగా ఆడితే వేగం నిలుస్తుంది, తప్పు చేస్తే పోతుంది. బ్లాక్ నైట్‌లో కత్తి ఈ సూత్రాన్ని తలకిందులు చేస్తుంది. శత్రువును సరిగ్గా కొట్టినా వేగం తగ్గుతుంది. కాచుకున్నా తగ్గుతుంది. గుంపుగా నిలబడిన సైనికుల మధ్యకి వెళితే పూర్తిగా ఆగి, విదిలిస్తూ నిలబడాల్సిందే. బాగా ఆడినందుకూ తప్పు చేసినందుకూ ఫలితం ఒకటే అయినప్పుడు ఆడేవాడికి నేర్చుకోవాలన్న ఆసక్తి ఎక్కడినుంచి వస్తుంది?

తప్పించుకుని పక్కనుంచి పోదామన్నా చాలాచోట్ల కుదరదు. కొన్ని మిషన్లు ఇన్ని లెక్కన శత్రువులను చంపమని అడుగుతాయి. వాళ్లను దాటిపోతే లెక్క తగ్గుతుంది, వెనక్కి రావాలి. వెనక్కి రావడం ఈ గేమ్‌లో చాలా నెమ్మది. కెమెరా ముందుకే చూస్తుంటుంది, సోనిక్ కెమెరా వైపు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాడు, వెనక ఎవరున్నారో కనపడదు. మొదటి గేమ్‌లోని ఈ జబ్బు సగమే నయమైంది.

సెగా అంతకు నాలుగు నెలల ముందే, 2008 నవంబరులో, ‘సోనిక్ అన్‌లీష్డ్’ తెచ్చింది. అందులో పగలు పరుగు, రాత్రి తోడేలు రూపంలో కొట్లాట. ఆ రెండింటినీ వేరువేరు భాగాలుగా ఉంచారు, అందుకే పగటి భాగాన్ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బ్లాక్ నైట్ ఆ రెండింటినీ ఒకే క్షణంలోకి తెచ్చి కుక్కింది. పరుగు ఇష్టపడేవాడికి పరుగు దొరకలేదు, పోరాటం ఇష్టపడేవాడికి పోరాటంలో లోతు దొరకలేదు.

జవాబు గేమ్‌లోనే ఉంది, అది మరీ బాధ. ‘బీ’ నొక్కితే వచ్చే సోల్ సర్జ్ చూడండి. సోనిక్ ఎదురుగా ఉన్న శత్రువును గురిపెట్టి బాణంలా దూసుకుపోతాడు. దగ్గరికి చేరే సరైన క్షణంలో విదిలిస్తే శత్రువు కూలుతాడు, వెంటనే తరవాతి వాడి మీదికి దూకుతాడు. వరసగా ఐదారుగురిని ఇలా కోసుకుంటూ పోతే ఒక్క క్షణం కూడా ఆగిన భావన రాదు. కత్తే ఇక్కడ పరుగుకి ఇంధనం. గేమ్ మొత్తం దీని చుట్టూ కట్టి ఉండాల్సింది. కానీ దీన్ని వాడేకొద్దీ తగ్గే ఒక గేజ్‌కి కట్టిపడేశారు. గేజ్ అయిపోతే మళ్లీ నిలబడి విదిలించుకోవడమే.

అందుకని ఆడేటప్పుడు పాటించాల్సిన పద్ధతి ఇది. ఒంటరిగా నిలబడిన సైనికుడి కోసం గేజ్ ఖర్చు పెట్టవద్దు, వాడికి ఒక మామూలు విదిలింపు చాలు. ముగ్గురికి మించి వరసలో కనపడినప్పుడే ‘బీ’ వాడండి. డాలు పట్టుకున్న వాళ్లు, భారీ కవచాల వాళ్లు ఎదురైతే ముందు ‘జెడ్’తో కాచుకుని, వాళ్ల దెబ్బ అయ్యాక కొట్టండి. ఎదురుగా పోయి విదిలించడం వల్ల చేయి నొప్పి తప్ప ఫలితం ఉండదు.

ఆర్థర్ కొలువులోని రౌండ్ టేబుల్ వీరులతో జరిగే ద్వంద్వ యుద్ధాలు ఇదే సూత్రం మీద నడుస్తాయి. అక్కడ పరుగు లేదు కాబట్టి కాపు, ఎదురుదెబ్బ అనే లయ కాస్త కుదురుతుంది. లాన్సెలాట్ వేగంగా మీదికి వస్తాడు, గవైన్ బరువైన దెబ్బలు వేస్తాడు. తొందరపడి ముందు మీరే విదిలిస్తే వాళ్లు కాచుకుని తిరిగి కొడతారు. కాచుకోవడంలో ఓపిక ఉన్నవాళ్లకి ఈ పోరాటాలు సులువుగానే పోతాయి.

కథలో పడ్డ శ్రద్ధ

ఇంత తిట్టినా ఈ గేమ్‌ని పక్కన పడేయలేకపోవడానికి కారణం కథ. రాసిన షిరో మయెకావా ఆర్థర్ గాథను పైపైన చదివి వదిలేసిన వ్యక్తి కాదని అడుగడుగునా తెలుస్తుంది.

ఆర్థర్ కొలువులోని మంత్రగాడు మెర్లిన్ మనవరాలు మెర్లీనా మంత్రంతో సోనిక్‌ని తన లోకానికి రప్పిస్తుంది. తన కత్తి ఎక్స్‌కాలిబర్ ఒర వల్ల ఆర్థర్ రాజు చావులేనివాడై, నల్ల కవచంతో రాజ్యాన్ని పీడించే బ్లాక్ నైట్‌గా మారాడని చెబుతుంది. సోనిక్‌కి తోడు కాలిబర్న్ అనే మాట్లాడే కత్తి. సరస్సు దేవత నిమ్యూ పరీక్షలు పెడుతుంది, రాజు భటులైన వీరుల దగ్గరున్న కత్తులు సంపాదించాలి.

ఇందులో ఒర అన్నది రచయిత సొంత కల్పన కాదు. 1485లో కాక్స్‌టన్ అచ్చువేసిన థామస్ మాలరీ గాథల్లో మెర్లిన్ ఆర్థర్‌ని అడుగుతాడు, కత్తి ఇష్టమా ఒర ఇష్టమా అని. ఆర్థర్ కత్తి అంటాడు. ఆ ఒర పది కత్తుల విలువ చేస్తుంది, అది ఒంటి మీద ఉన్నంతకాలం నీకు రక్తనష్టం ఉండదని మెర్లిన్ హెచ్చరిస్తాడు. తరవాత ఆర్థర్ అక్క మోర్గాన్ ల ఫే ఆ ఒరను దొంగిలించి నీళ్లలో పారేస్తుంది. కర్ణుడి కవచకుండలాలు పోయిన ఘట్టం తెలిసిన మనకి ఈ సంగతి బరువు వేరే చెప్పనక్కర్లేదు. ఆర్థర్ మీద వచ్చిన కథల్లో చాలావాటికి కత్తి తప్ప ఒర గుర్తుండదు. పిల్లల గేమ్ అనుకున్న దీంట్లో కథంతా ఒర చుట్టూనే తిరిగింది.

కాలిబర్న్ అనే పేరు కూడా ఊరికే పెట్టలేదు. 12వ శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ లాటిన్‌లో రాసిన చరిత్రలో ఆర్థర్ కత్తి పేరు కాలిబర్నస్. ఎక్స్‌కాలిబర్ అనేది దాని తరవాతి రూపం. గేమ్‌లో కాలిబర్న్ చివర ఎక్స్‌కాలిబర్‌గా మారుతుంది. అంటే గాథలో పేరు నడిచిన దారినే కత్తి కూడా నడిచింది. గవైన్ కత్తి గాలటీన్ మాలరీలోనే ఉంది. లాన్సెలాట్ కత్తి ఆరండైట్ మధ్యయుగపు ఇంగ్లీషు పద్యకథలోంచి వచ్చింది. పెర్సివాల్ చేతికిచ్చిన లేవాటైన్ మాత్రం ఈ గాథలకి చెందదు, అది నార్స్ పురాణాల ఆయుధం. అక్కడ పట్టు తప్పారు.

సోనిక్ సిరీస్‌లోని పాత పాత్రలకి ఆర్థర్ గాథలోని వేషాలు పంచిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. షాడో లాన్సెలాట్, నకిల్స్ గవైన్, బ్లేజ్ పెర్సివాల్, ఏమీ సరస్సు దేవత నిమ్యూ, టెయిల్స్ కమ్మరి. రాజు పట్ల గుడ్డి విధేయత నకిల్స్‌కి, మాట తక్కువ పని ఎక్కువ అన్న పొగరు షాడోకి సరిగ్గా అతికాయి. సిల్వర్‌ని గాలహాడ్‌గా, జెట్‌ని లామొరాక్‌గా తీసుకున్నారు గానీ అసలు కథలో వాళ్లకి దాదాపు చోటే లేదు. గాథలో గాలహాడ్ లాన్సెలాట్ కొడుకు, హోలీ గ్రెయిల్ అనే పవిత్ర గిన్నెను చేరుకున్న వీరుడు. షాడోకీ సిల్వర్‌కీ మధ్య అలాంటి బంధం ఒకటి కథలో పెట్టి ఉంటే ఎంత దూరం పోయేదో! ఆ అవకాశం వదిలేశారు. ఆర్థర్‌కి ఎదురుతిరిగిన మోర్డ్రెడ్ లేడు, రాణి గ్వినెవీర్ లేదు. ఆర్థర్ పతనానికి మూలమైన ఇంటిగొడవ మొత్తం పోయింది. పిల్లలూ ఆడే గేమ్ కాబట్టి ఆ భాగం తీసేయడం అర్థం చేసుకోదగ్గదే.

ఇక్కడినుంచి కథ ముగింపు చెప్పబోతున్నాను. ఆడాలనుకునేవాళ్లు తరవాతి రెండు పేరాలు దాటేయవచ్చు.

బ్లాక్ నైట్‌ని ఓడించాక తెలుస్తుంది, అసలు ఆ ఆర్థర్ రాజే లేడని. అతను మెర్లిన్ సృష్టించిన మాయారూపం. మెర్లీనాకి కావలసింది ఒర. తమ రాజ్యానికి రాబోయే అంతం ఆమెకి తెలుసు. ఆ అంతం రాకుండా ఎక్స్‌కాలిబర్ ఒర శక్తితో కాలాన్నే నిలిపేసి, మార్పులేని శాశ్వత రాజ్యం చేయాలన్నది ఆమె పన్నాగం. ఆర్థర్ గాథ ఎన్నిసార్లు చెప్పినా అతని రాజధాని కామెలాట్ కూలుతుందని విన్నవాళ్లందరికీ తెలుసు. ఆ కూలిపోవడాన్ని భరించలేని మనిషిని ప్రతినాయికగా పెట్టడం నిజంగా మంచి ఆలోచన. సోనిక్ ఆమెకి ఇచ్చే జవాబు కూడా తేలికగా ఉండదు. ప్రతి లోకానికీ అంతం ఉంటుంది, అది బాధే, అందుకే ఉన్నంతకాలం నిండుగా బతకాలంటాడు. పరుగు తప్ప వేరే చింత లేని పాత్ర నోట ఆ మాట అతికినట్టు ఉంది.

ఆమెతో మొదటి పోరులో కాలిబర్న్ విరుగుతుంది. నాలుగు పవిత్ర కత్తుల శక్తి కలిసి అది ఎక్స్‌కాలిబర్ అవుతుంది. అసలు రాజును ఎంచుకునేది మెర్లిన్ కాదు కాలిబర్న్ అని, అది ఎంచుకున్న సోనిక్కే నిజమైన ఆర్థర్ అని తేలుతుంది. మెర్లీనా చీకటి రాణిగా మారి చేసే ఆఖరి యుద్ధం చూడటానికి గొప్పగా ఉంటుంది. ఆడటానికి మాత్రం కాపు, విదిలింపు, మళ్లీ కాపు. ఇంత బరువైన ఘట్టంలో చేతికి ఇచ్చిన పని మొదటి లెవెల్లో చేసినదే.

సంగీతం సంగతి ఒక్క మాట. జున్ సెనోవె, జానీ జియోలీల క్రష్ 40 బృందం పాడిన ‘నైట్ ఆఫ్ ద విండ్’ ఈ గేమ్ పేరు మరిచిపోయినవాళ్లకి కూడా గుర్తుంది. గేమ్ ఆడకపోయినా ఆ పాటలు వినండి.

మిషన్ల సంచి

కథ మీద పెట్టిన శ్రద్ధ మిషన్ల మీద పెట్టలేదు. ఒకే లెవెల్‌ని తిప్పి తిప్పి వాడతారు. ఒకసారి చివరిదాకా చేరమంటారు, ఒకసారి ఇంతమంది శత్రువులను కొట్టమంటారు, ఒకసారి దారిలో ఏరుకున్న రింగులు ఊరివాళ్లకి పంచమంటారు. ఆ పంపకం ఎలాగంటే, పరుగెడుతూ ఊరివాడి దగ్గరికి పోతే సోనిక్ ఆగుతాడు, తెర మీద కనపడే బటన్లు సమయానికి నొక్కాలి. వీరుడన్నవాడికి ఔదార్యం ఉండాలన్న ఆలోచన గాథకి తగినదే. కానీ పరుగు ఆపి బటన్ల పరీక్ష పెట్టడం వల్ల ఔదార్యం కాస్తా అడ్డంకిగా మారింది. దానమే వేగం పెంచేలా చేసి ఉంటే ఆడేవాడు తనంతట తానే ఇచ్చేవాడు.

దారిలో దొరికే వస్తువులు టెయిల్స్ కమ్మరి దుకాణంలో ఏమిటో తేలుతాయి. సేకరణ సరదా ఉన్నవాళ్లకి తప్ప దీనితో పెద్ద పనిలేదు. ఆన్‌లైన్ సౌకర్యాలు 2014 మే 20న నింటెండో వై-ఫై కనెక్షన్ మూతపడటంతో పోయాయి. కథ అయ్యాక తెరుచుకునే మిషన్లన్నీ పూర్తిచేయాలని కూర్చోకండి. కథ మిషన్లు మాత్రం ఆడి ఆపేస్తే గేమ్ మీద గౌరవం మిగులుతుంది.

ఇప్పుడు ఆడాలంటే

ఈ గేమ్ వీ తప్ప ఇంకే యంత్రం మీదికీ రాలేదు. కాబట్టి రెండు దారులున్నాయి.

మొదటిది పాత డిస్క్, పాత యంత్రం. వీ గేమ్ డిస్కులకి ప్రాంతపు తాళం ఉంటుంది. అమెరికా డిస్క్ యూరప్ యంత్రంలో, యూరప్ డిస్క్ అమెరికా యంత్రంలో నడవదు. అమెరికాలోని బంధువులు తెచ్చిన యంత్రం అయితే డిస్క్ కూడా అక్కడిదే కావాలి. కొనే ముందు యంత్రం అడుగున ఉన్న మోడల్ నంబరు చూడండి. బ్రాకెట్లలో యూఎస్‌ఏ, ఈయూఆర్, జేపీఎన్ అని ఉంటుంది. వీ తరవాత వచ్చిన వీ యూ యంత్రం కూడా ఈ డిస్కులను ఆడిస్తుంది, అదే తాళంతో. అయితే దాని తెర ఉన్న గేమ్‌ప్యాడ్ ఈ గేమ్‌కి పనికిరాదు, వీ రిమోట్, నన్‌చక్ ఉండాల్సిందే. మోషన్‌ప్లస్ లోపలే ఉన్న కొత్తరకం రిమోట్ కూడా చక్కగా పనిచేస్తుంది, గేమ్ అందులోని గైరోస్కోపును పట్టించుకోదంతే. మామూలు వీకి కాంపోనెంట్ కేబుల్ పెట్టి సెట్టింగుల్లో 480పి ఎంచుకుంటే బొమ్మ తేటగా వస్తుంది. వీ మినీ కొనకండి, దానికి కాంపోజిట్ కేబుల్ మాత్రమే పనిచేస్తుంది, బొమ్మ మసకగా ఉంటుంది.

రెండోది డాల్ఫిన్ ఎమ్యులేటర్, అంటే వీ గేములను కంప్యూటర్ మీద నడిపే ప్రోగ్రాం. ఈ గేమ్‌కి ఇదే మేలైన దారి అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే గేమ్ ఇవ్వని బటన్‌ని ఇది ఇస్తుంది. మీ సొంత డిస్క్‌ని హోమ్‌బ్రూ ఉన్న, అంటే బయటి ప్రోగ్రాములు నడిపేలా మార్చిన వీలో క్లీన్‌రిప్ అనే ప్రోగ్రాంతో కాపీ చేసుకోవాలి. ఒక పొర ఉన్న వీ డిస్క్ 4.7 జీబీ. ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ ఒక్కో ఫైలుని 4 జీబీకి మించి పట్టదు, అందుకని ముక్కలుగా రాయమని క్లీన్‌రిప్‌కి చెప్పండి లేదా డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చండి. మధ్యలో రాయడం ఆగిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. కంప్యూటర్లోకి తెచ్చాక ముక్కలను కలిపి, డాల్ఫిన్‌లోనే ఆర్‌వీజెడ్ ఫార్మాట్‌కి కుదిస్తే డేటా ఏమీ పోకుండా చోటు మిగులుతుంది.

తరవాత డాల్ఫిన్‌లో కంట్రోలర్స్ తెరిచి మొదటి రిమోట్‌ని ఎమ్యులేటెడ్ అని పెట్టండి. ఎక్స్‌టెన్షన్ దగ్గర నన్‌చక్ ఎంచుకోండి. నన్‌చక్ కర్రకి మీ ప్యాడ్ ఎడమ స్టిక్, ‘జెడ్’కి ఎడమ ట్రిగర్, ‘ఏ’కి కింది బటన్, ‘బీ’కి కుడి ట్రిగర్ ఇస్తే చేతికి హాయిగా ఉంటుంది. మోషన్ సిమ్యులేషన్ అనే భాగంలో షేక్ కింద ఎక్స్, వై, జెడ్ అని మూడు అక్షాలుంటాయి. మూడింటికీ ఒకే బటన్ ఇవ్వండి, ఎడమవైపు బటన్ బాగుంటుంది. స్వింగ్ అనే విభాగం జోలికి పోవద్దు. నన్‌చక్‌కి కూడా విడిగా షేక్ ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేయండి. కత్తి బటన్‌ని నొక్కి పట్టుకుంటే ఎమ్యులేటర్ వరసగా ఊపుతూనే ఉంటుంది, ఊపుల మధ్య లయ పోతుంది. తట్టి వదిలేయండి. దెబ్బలు పడకుండా పోతుంటే షేక్ సెట్టింగుల్లో ఇంటెన్సిటీ కొంచెం పెంచండి. ఒక్క తట్టుకి రెండు దెబ్బలు పడుతుంటే ఫ్రీక్వెన్సీ తగ్గించండి. గ్రాఫిక్స్‌లో ఇంటర్నల్ రిజల్యూషన్ 3 రెట్లు పెడితే 1080పి తెరకి సరిపోతుంది.

ఇలా ఆడితే ఒక సంగతి బయటపడుతుంది. బటన్ రాగానే చేతి నొప్పి, వృథా ఊపులు, అడగని దెబ్బలు దాదాపు మాయమవుతాయి. సోల్ సర్జ్‌లో సరైన క్షణం పట్టుకోవడం కుదిరి, మిస్టీ లేక్, డీప్ వుడ్స్ లాంటి లెవెళ్లు నిజంగా సరదాగా మారతాయి. కానీ గుంపుల దగ్గర ఆగిపోవడం, వెనక్కి నడవలేకపోవడం, ఒకే లెవెల్‌ని మళ్లీ మళ్లీ తిప్పడం అలాగే ఉంటాయి. వాటికి ఏ సెట్టింగూ లేదు. సెగా ఈ సిరీస్‌ని రెండో గేమ్‌తోనే ఆపేసింది. 2010లో వీకే వచ్చిన ‘సోనిక్ కలర్స్’లో కత్తీ లేదు, విదిలింపుల మీద ఆధారపడటమూ లేదు, గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌తో కూడా ఆడుకోవచ్చు.